ఆడపిల్ల పతకం తెస్తే 'దేశం బిడ్డ', మగాయన తెస్తే ఉత్త 'ఆటగాడు'. వార్తల్లో ఈ తేడా ఎందుకు?

పొగడ్తే కదా, తప్పేంది అనిపిస్తది. కానీ వరుస కలిపి పిలిచినంక ఆ గెలుపు ఆమె కష్టం కాకుండా ఇంటి పరువు అయి కూర్చుంటది.

2016 రియో ఒలింపిక్స్‌లో మనకొచ్చినవి రెండే పతకాలు. సింధు రజతం, సాక్షి మలిక్ కాంస్యం. అంతే, అంతటా 'భారత పుత్రికలు'. నల్లగొండ క్లాక్ టవర్ కాడ చాయ్ తాగుకుంటా మేం కొట్లాడింది మాత్రం సింధు తెలంగాణ బిడ్డనా, ఆంధ్ర బిడ్డనా అని. బ్యాడ్మింటన్ ఫైనల్లో స్పెయిన్ ఆటగత్తె మారిన్ మీద మొదటి గేమ్ 21-19తో గెలిచిందన్న ముచ్చట ఒక్కరూ ఎత్తలే. (నేను కూడా.)

బిడ్డ అన్న నోరే కోడలని కూడా అంటది. 2014లో సానియా మీర్జాను తెలంగాణ బ్రాండ్ అంబాసిడర్‌ను చేస్తే ఒక నాయకుడు 'పాకిస్థాన్ కోడలు' అన్నడు, అప్పుడు ఆమె భర్త పాకిస్థాన్ క్రికెటర్ అని. చానెళ్లకు అదే చర్చ. హైదరాబాద్‌ల పెరిగి, దేశం కోసం అన్నేండ్లు రాకెట్ పట్టినా, లెక్క అత్తగారింటి కాడికే వచ్చింది. మగ ఆటగాని దేశభక్తిని పెండ్లాం ఊరును బట్టి కొలిచిన వార్త నేనైతే చూడలే.

ఇంకోటి, కొలబద్ద ఎప్పుడూ మగవాళ్లదే. 2017లో మిథాలీ రాజ్‌ను మీకిష్టమైన మగ క్రికెటర్ ఎవరని అడిగిన్రు. మగవాళ్లను ఇట్లనే అడుగుతరా అని ఆమె తిరగేసి అడిగింది. ఇప్పటికీ వార్తల్లో మగవాళ్లది 'వరల్డ్ కప్', ఆడవాళ్లది 'మహిళల వరల్డ్ కప్'.