రేడియో ప్రోగ్రామ్ బోర్డులో పట్టడం లేదు

ప్రశ్న: ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న కంప్యూటర్ బోర్డుతో అమ్మ కోసం ఇంటర్నెట్ రేడియో చేస్తున్నాను. ప్రోగ్రామ్ సైజు ఎక్కువైందని ఎర్రర్. ఎలాగోలా తగ్గించి ఎక్కిస్తే పాట తెగి తెగి వస్తోంది. కొత్త బోర్డు కొనాలా?
– ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: అప్పుడే కొనకండమ్మా. మీవి రెండు వేర్వేరు ఇబ్బందులు. బోర్డులో 4 ఎంబీ ఫ్లాష్ (ప్రోగ్రామ్ నిలవుండే మెమరీ) ఉన్నా, ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసి ఎక్కించే సాఫ్ట్‌వేర్) మామూలు అమరికలో ప్రోగ్రామ్‌కు దక్కేది సుమారు 1.2 ఎంబీయే. టూల్స్ మెనూలో పార్టిషన్ స్కీమ్‌ను (ఫ్లాష్‌ను పంచే పద్ధతిని) ‘హ్యూజ్ యాప్’కి మార్చండి, 3 ఎంబీ వస్తుంది. వైఫై మీద అప్‌డేట్ చేసే వీలు పోతుంది కానీ, ఇంట్లో రేడియోకి కేబుల్ చాలు.

పాట తెగడం ర్యామ్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వాడుకునే మెమరీ) సంగతి. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్ల) స్టేషన్ సెకనుకు 16 కేబీ పంపుతుంది. ఉన్న 520 కేబీ ర్యామ్‌లో వైఫై, డీకోడర్ (వచ్చిన డేటాను పాటగా మార్చే భాగం) వాటా పోగా బఫర్‌కు, అంటే పాటను కాస్త ముందుగా దాచుకునే చోటుకు, మిగిలేది కొంచెమే. అదే స్టేషన్‌కు హెచ్‌టీటీపీఎస్ కాకుండా మామూలు హెచ్‌టీటీపీ లింక్ ఉందేమో చూడండి. హెచ్‌టీటీపీఎస్‌లో జరిగే ఎన్‌క్రిప్షన్‌కే (డేటాను రహస్య రూపంలోకి మార్చడానికే) పదుల కేబీలు ఖర్చవుతాయి. అప్పటికీ తెగుతుంటే పీఎస్‌ర్యామ్ (అదనపు ర్యామ్) ఉన్న ఈఎస్‌పీ32 వ్రోవర్ బోర్డు తీసుకోండి, ఆ డబ్బు దండగ కాదు.