ప్లాన్ మార్చే ముందు రౌటర్ జాగా మార్చండి

ఇంటి నెట్ గురించి ఈ నెల మాకు చేరిన ఉత్తరాలలో ఎక్కువ భాగం వైఫై సెట్టింగుల చుట్టూనే తిరిగాయి. వాటిలో నలుగురు పాఠకుల ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: మాది అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. 100 ఎంబీపీఎస్ ఫైబర్ కనెక్షన్ ఉంది. రౌటర్‌ను వీధి గుమ్మం పక్కన, చెప్పుల స్టాండు పైన గోడకు బిగించారు. హాల్లో నెట్ బాగానే వస్తుంది. చివరి పడకగదిలో మా వారు ఆఫీసు పని చేసుకునే బల్ల దగ్గర మాత్రం, ముఖ్యంగా రాత్రి ఎనిమిది దాటాక, వీడియో మీటింగులు ఆగి ఆగి నడుస్తున్నాయి. కంపెనీకి ఫోన్ చేస్తే 200 ప్లానుకు మారమంటున్నారు. మారితే ఇబ్బంది తీరుతుందా?
– ఒక పాఠకురాలు, నిజాంపేట

జవాబు: తీరదనే అనుకోవడానికి మీ ఉత్తరంలోనే ఆధారం ఉంది. హాల్లో బాగా వస్తున్నదంటే ఫైబర్ తీగ మీ గుమ్మం దాకా తేవలసినది తెస్తున్నట్టే. అక్కడి నుంచి బల్ల దాకా ఉన్న ముప్పై, నలభై అడుగులలోనే అది పోతున్నది. పైట్యాంకులోకి నీళ్లు నిండుగా వస్తున్నా వంటింటి కుళాయికి వెళ్లే పైపు పూడుకుపోతే, రెండో మోటారు పెట్టించి లాభం ఉండదు కదా.

అయినా ఊహతో తేల్చకుండా కొలిచి చూడండి. లాప్‌టాప్‌ను లాన్ తీగతో నేరుగా రౌటర్‌కు కలిపి ఒకసారి, రౌటర్‌కు ఆరడుగుల దూరంలో నిలబడి ఫోన్‌తో ఒకసారి, మీవారి బల్ల దగ్గర ఒకసారి వేగాన్ని పరీక్షించి, మూడు అంకెలనూ కాగితం మీద రాసుకోండి. ఇదే పనిని మధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి చేయండి. తీగతో 90 దాటి వస్తూ బల్ల దగ్గర అయిదో ఆరో కనిపిస్తే లోపం వైఫైది. తీగతో చూసినప్పుడు కూడా రాత్రిపూట వేగం పడిపోతుంటే లోపం కంపెనీ వారిది. అప్పుడు ఆ కాగితాన్నే ఎదురుగా పెట్టుకుని ఫిర్యాదు చేయండి.

లోపం వైఫైదని తేలితే మొదట చూడవలసినది రౌటర్ ఉన్న చోటు. అపార్ట్‌మెంట్లలో గుమ్మం పక్కన సాధారణంగా పిల్లరు ఉంటుంది, దాని నిండా ఇనుప చువ్వలే. దారిలో ఇనుప బీరువా గానీ, నిలువుటద్దం గానీ, చేపల తొట్టె గానీ ఉంటే తరంగాలకు అవి కూడా అడ్డే, ఎందుకంటే లోహం తరంగాన్ని వెనక్కు తిప్పుతుంది, నీరు మింగేస్తుంది. బల్ల దగ్గర నిలబడి రౌటర్ వైపు ఒక తాడు లాగినట్టు ఊహించుకుని, అది వేటిని దాటుకుని పోవలసి వస్తుందో లెక్కపెట్టండి. రౌటర్‌ను ఇంటి నడుమకు, మనిషి భుజం ఎత్తుకు, తలుపు సందులలోంచి వీలైనంత నేరుగా కనిపించే చోటుకు మార్చగలిగితే సగం పని అయిపోతుంది. ఒక జాగ్రత్త: ఆకుపచ్చ మూతి ఉన్న సన్నని ఫైబర్ తీగను మీరు ఊడదీయవద్దు, మడత పెట్టవద్దు. దాన్ని జరపడానికి టెక్నీషియన్‌నే పిలవండి.

తర్వాతి పని సెట్టింగులు. ఫోన్ లేదా లాప్‌టాప్ బ్రౌజరులో, చిరునామా రాసే గడిలో 192.168.1.1 అని గానీ 192.168.0.1 అని గానీ కొడితే రౌటర్ లోపలి పేజీ తెరుచుకుంటుంది. మీ రౌటర్‌కు ఏది వర్తిస్తుందో, దాని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఏమిటో సాధారణంగా అడుగున అంటించిన స్టిక్కరు మీద ఉంటాయి. ఏదీ మార్చకముందే వైర్‌లెస్ అని ఉన్న పేజీలన్నిటినీ ఫోటో తీసి పెట్టుకోండి. కంపెనీ కనెక్షన్ వివరాలు ఉండే వాన్ అనే పేజీ జోలికి మాత్రం వెళ్లవద్దు. ఏ మార్పు పనిచేసిందో తెలియాలంటే ఒకసారికి ఒక్కటే మార్చి, మళ్లీ వేగం కొలవాలి.

చాలా రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండులలో, అంటే రెండు రకాల తరంగాలపై, వైఫై ఇస్తాయి. ఒక్కొక్క బ్యాండులో చానెళ్లనే వరుసలు ఉంటాయి. ముందుగా 2.4 గిగాహెర్ట్జ్ పేజీలో చానెల్ చూడండి. మన దేశంలో ఈ బ్యాండులో 1 నుంచి 13 వరకు చానెళ్లు ఉన్నాయి. పదమూడు ఉన్నాయి కాబట్టి పదమూడు ఇళ్లు ఇబ్బంది లేకుండా సర్దుకోవచ్చునని అనిపిస్తుంది గానీ అది నిజం కాదు. చానెల్‌కు చానెల్‌కు మధ్య దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే, ఒక్కొక్క రౌటర్ ఆక్రమించేదేమో కనీసం 20 మెగాహెర్ట్జ్. అందువల్ల ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకలో మిగిలేవి 1, 6, 11 అనే మూడే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై అనలైజర్ వంటి ఒక యాప్ వేసుకుని చూస్తే, చుట్టుపక్కల ఎవరు ఏ చానెల్‌లో ఉన్నారో గుట్టలు గుట్టలుగా గీతలు కనిపిస్తాయి. మా అపార్ట్‌మెంట్‌లో నిన్న రాత్రి నేను చూసినప్పుడు పదిహేడు పేర్లు కనిపించాయి, అందులో మా కింది ఫ్లాటు వారివే మూడు.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 1లోనూ 6లోనూ రద్దీ కనిపించింది కాబట్టి మధ్యలో ఖాళీగా ఉన్న 3కో 4కో వెళ్తారు. ఒకే చానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని, ఒకరు ఆగాక ఒకరు మాట్లాడుతాయి. వేగం తగ్గుతుంది గానీ మాట చెడదు. నడుమ చానెల్‌లో కూర్చున్న రౌటర్ సంకేతాలు మాత్రం అటువారికీ ఇటువారికీ అర్థంకాని రొదగా చేరి, పంపినదే మళ్లీ పంపవలసిన స్థితి తెస్తాయి. కనుక 1, 6, 11లలో మీ బల్ల దగ్గర ఏది పలుచగా ఉన్నదో దానికే కట్టుబడండి. చానెల్ విడ్త్ అనే గడిలో 40 ఉంటే 20కి తగ్గించండి. కాగితం మీద వేగం తగ్గినట్టు కనిపించినా, ఇరుకు అపార్ట్‌మెంట్‌లో చేతికి అందే వేగం పెరుగుతుంది.

చానెల్‌ను ఆటో అని వదిలేస్తే సరిపోదా అని అడగవచ్చు. చాలా రౌటర్లు ఆన్ అయినప్పుడు మాత్రమే చుట్టూ చూసి చానెల్ ఎంచుకుంటాయి. కరెంటు పోయి వచ్చిందంటే భవనంలోని రౌటర్లన్నీ ఒక్కసారే లేచి, అందరికీ ఖాళీగా కనిపించిన చోటే అందరూ చేరవచ్చు. నేనైతే 2.4లో చానెల్‌ను చేత్తోనే పెడతాను.

మీవారి లాప్‌టాప్‌ను వీలైతే 5 గిగాహెర్ట్జ్‌కు కలపండి. అక్కడ చోటు చాలా ఎక్కువ, పైగా పొరుగువారి తరంగాలు గోడలు దాటి అంతగా రావు. ఆ మంచిలోనే చెడు కూడా ఉంది, మీ రౌటర్ తరంగాలు కూడా మీ గోడలను అంతగా దాటవు. అందుకే రౌటర్‌ను జరిపిన తర్వాతే దీన్ని పరీక్షించాలి. అదే యాప్‌లో రౌటర్ పేరు పక్కన మైనస్ గుర్తుతో, సంకేతం బలాన్ని చెప్పే డీబీఎం అనే అంకె ఉంటుంది. మైనస్ 50 అంటే చాలా మంచిది, మైనస్ 67 వరకు వీడియో మీటింగులు నిలుస్తాయి, మైనస్ 75 దాటితే తెగిపోతుంటాయి. ఆ అంకె మూడు దిగితే సంకేతం సగమవుతుంది, పది దిగితే పదో వంతవుతుంది. కాబట్టి 65కీ 75కీ తేడా చూడడానికి చిన్నదే గానీ బల్ల దగ్గర చాలా పెద్దది.

5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 వరకు, 149 నుంచి పైకి ఉన్న చానెళ్లతో మొదలుపెట్టండి. 52 నుంచి 144 వరకు ఉన్నవాటిని రాడార్లతో పంచుకోవాలి గనుక, రాడార్ సంకేతమని అనుమానం వచ్చినా రౌటర్ చప్పున ఆ చానెల్ ఖాళీ చేయాలి. అటువంటి కొత్త చానెల్‌కు వెళ్లేముందు కనీసం ఒక నిమిషం మౌనంగా వినాలి. మీటింగు మధ్యలో ఆ నిమిషం ఎంత పొడవుగా ఉంటుందో మీవారికి చెప్పనక్కరలేదు.

దేశం పేరు అడిగే గడిలో ఇండియా అని ఉండాలి. 2018 అక్టోబరులో కేంద్రం 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 605 మెగాహెర్ట్జ్ మేరకు లైసెన్సు అవసరం తీసివేసింది. ఆ వెసులుబాటు మీ రౌటర్‌కు తెలిసేది ఈ గడి ద్వారానే. అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చిచ్చిన రౌటర్లు, లాప్‌టాప్‌లు మన ఊళ్లో చాలా ఇళ్లలో ఉంటాయి. వాటిలో కొన్నింటికి 2.4లో 12, 13 చానెళ్లు కనిపించనే కనిపించవు. ఆ రెంటికీ వెళ్లకపోవడానికి ఇది ఇంకొక కారణం.

ఏదైనా తప్పు జరిగితే వెనుక ఉన్న చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి రీసెట్ చేయాలని చేయి లాగుతుంది. చేయకండి. నేను ఒకసారి చేశాను. వైఫై పేరుతో పాటు కనెక్షన్ తాలూకు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా తుడిచిపెట్టుకుపోయి, కంపెనీ మనిషి వచ్చి తిరిగి ఎక్కించే వరకు రెండు రోజులు ఇల్లంతా ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికింది. ఫోటోలు తీసుకోమన్నది అందుకే, రీసెట్ చేయకుండా వాటిని చూసి పాత సెట్టింగులు తిరిగి పెట్టుకోవచ్చు.

ప్రశ్న: మా వైఫైని పక్కింటివారెవరో వాడుకుంటున్నారని అనుమానంగా ఉంది. రౌటర్ పేజీలో కనెక్టయిన వస్తువుల జాబితాలో నాకు తెలియని పేర్లు కనిపిస్తున్నాయి. పేరు కనిపించకుండా దాచమని మా అబ్బాయి అంటున్నాడు. ఏం చేయాలి?
– ఒక విశ్రాంత ఉద్యోగి, మలక్‌పేట

జవాబు: ఆ జాబితా చూసి భయపడకండి. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ చిరునామాకు (ప్రతి వస్తువుకూ తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్యకు) బదులు మారుపేరు వంటి చిరునామాను చూపిస్తున్నాయి. టీవీ, సెట్‌టాప్ బాక్సు వంటివి చిప్ తయారీదారు పేరుతో కనిపిస్తాయి. ఇంట్లో ఒక్కొక్క వస్తువు వైఫైని ఆపుతూ జాబితాలో ఏది మాయమవుతుందో చూడండి. అన్నీ ఆపాక కూడా మిగిలినదే పరాయిది.

ఉన్నా లేకపోయినా పాస్‌వర్డ్ మార్చడంలో నష్టం లేదు. వైఫైకి తాళం వేసే పద్ధతిని ఎంచుకునే సెక్యూరిటీ గడిలో డబ్ల్యూపీఏ2 గానీ, అన్ని వస్తువులూ కొత్తవైతే డబ్ల్యూపీఏ3 గానీ ఎంచుకోండి. రెండూ కలిసి ఉన్న ఎంపిక ఉంటే చాలా ఇళ్లకు అదే అనువు. డబ్ల్యూఈపీ అనే పాత పద్ధతి కనిపిస్తే వెంటనే తీసివేయండి, దానిలోని లొసుగులు 2001లోనే బయటపడ్డాయి. పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల వరకు ఉండవచ్చు. ఫోన్ నంబరు, ఫ్లాటు నంబరు కాకుండా, సంబంధం లేని నాలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో కలిపి రాస్తే గుర్తుంటుంది, ఊహకు అందదు. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వస్తువులను కలిపే డబ్ల్యూపీఎస్‌ను ఆపివేయండి. దాని పిన్ చూడడానికి ఎనిమిది అంకెలే అయినా, చివరిది మిగతా వాటినుంచి లెక్కకట్టేది, మిగిలిన ఏడింటిని రౌటర్ నాలుగుగా, మూడుగా విడివిడిగా సరిచూస్తుంది. అందువల్ల 11,000 ప్రయత్నాలలో అది దొరికిపోతుందని 2011లో వెల్లడయింది.

పేరు దాచడం విషయంలో మీ అబ్బాయితో ఏకీభవించలేను. దాచిన పేరును మీ ఫోన్లు వెళ్లిన చోటల్లా ఉన్నావా, ఉన్నావా అని పిలుస్తూ తిరుగుతాయి. వెతికేవాడికి అది ఇంకా సులువు. దానికి బదులు రౌటర్ లోపలి పేజీకి ఉన్న అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, దాన్ని మార్చడం మరిచిపోయేవారే ఎక్కువ. బంధువులు వచ్చినప్పుడు గెస్ట్ నెట్‌వర్క్ పాస్‌వర్డ్ ఇచ్చి, వారు వెళ్లాక మార్చుకోండి.

వైఫైకి తెలుగులో పేరు పెట్టవచ్చునా అని కూడా అడిగారు. పెట్టవచ్చు, కానీ పేరుకు 32 బైట్ల హద్దు ఉంది. తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, ఒత్తుకు వేరువేరుగా మూడేసి బైట్లు పడతాయి గనుక, చిన్న పేరైతేనే ఇముడుతుంది. పాత టీవీలలో అది గడులుగా కనిపించవచ్చు.

ప్రశ్న: కొత్తగా కొన్న కెమెరా, స్మార్ట్ బల్బు రెండూ వైఫైకి కలవడం లేదు. ఫోన్‌కు మాత్రం అదే వైఫై బాగా వస్తుంది.
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: ఆ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలిసినవై ఉంటాయి. మీ రౌటర్ రెండు బ్యాండులనూ ఒకే పేరుతో ఇస్తూ ఫోన్‌ను 5కు పంపుతున్నది. బ్యాండ్ స్టీరింగ్ లేదా స్మార్ట్ కనెక్ట్ అనే ఎంపికను తీసివేసి, రెండింటికీ వేరు పేర్లు పెట్టి, ఫోన్‌ను 2.4లో ఉంచి కలపండి. డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే దాన్ని కూడా డబ్ల్యూపీఏ2తో కలిసి ఉన్న ఎంపికకు మార్చండి.

ప్రశ్న: మాది డూప్లెక్స్ ఇల్లు. పాత రౌటర్ ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని పై అంతస్తులో వాడుకోవచ్చునా?
– ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: నిక్షేపంగా వాడుకోవచ్చు. అది పాత కంపెనీకి తిరిగి ఇచ్చేయవలసినది కాదని మాత్రం ముందు నిర్ధారించుకోండి. కింది రౌటర్ చిరునామా 192.168.1.1 అయితే, పాతదాన్ని లాప్‌టాప్‌కు కలిపి దాని లాన్ చిరునామాను 192.168.1.2గా మార్చి, ఇంట్లోని వస్తువులకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపివేయండి. డీహెచ్‌సీపీ ఆపకపోతే ఇద్దరు వాచ్‌మన్లు ఒకే ఫ్లాటుకు వేర్వేరు నంబర్లు చెప్పినట్టు అవుతుంది. వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ కిందిదానివే ఇచ్చి, చానెల్ మాత్రం వేరుగా పెట్టండి: కింద 1 ఉంటే పైన 6 లేదా 11. ఆ తర్వాత కింది రౌటర్ లాన్ పోర్టు నుంచి పైదాని లాన్ పోర్టుకే తీగ వేయాలి, రంగు వేరుగా ఉండే వాన్ పోర్టుకు కాదు.

తీగ వేసే మనిషి ఎనిమిది పోగులనూ కొనలో బిగించాడో లేదో దగ్గర నిలబడి చూడండి. నాలుగే బిగిస్తే నెట్ వస్తుంది గానీ 100 ఎంబీపీఎస్ దాటి రాదు. రేపు పెద్ద ప్లాను తీసుకున్నప్పుడు పై అంతస్తులో వేగం ఎందుకు పెరగలేదో అంతుచిక్కదు.