ప్రొటీన్ పొడితో జ్ఞాపకశక్తి పెరుగుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్‌లో బైపీసీ చదువుతోంది. జ్ఞాపకాలు నిలవాలంటే మెదడు కణాల్లో కొత్త ప్రొటీన్లు తయారు కావాలని ఎక్కడో చదివి, పరీక్షలయ్యేదాకా రోజూ పాలలో ప్రొటీన్ పొడి కలుపుకుని తాగుతానంటోంది. దానివల్ల ప్రయోజనం ఉంటుందా? ప్రొటీన్లు కొద్ది రోజుల్లోనే శిథిలమవుతాయంటారు కదా, మరి చిన్ననాటి సంగతులు ముసలితనం వరకూ ఎలా గుర్తుంటున్నాయి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ అమ్మాయి చదివిన మాట నిజమే గానీ, పొడి తాగాలన్న నిర్ణయానికి అది ఆధారం కాదు. మనం తిన్న ప్రొటీన్ ఉన్నదున్నట్టుగా మెదడుకు చేరదు. జీర్ణమయ్యేటప్పుడు అది అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది; రక్తం ద్వారా అందిన ఆ ఆమ్లాలతో ప్రతి నాడీకణమూ తనకు కావలసిన ప్రొటీన్లను తానే నిర్మించుకుంటుంది. పసితనంలో తీవ్రమైన పోషకాహార లోపం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుందనడంలో సందేహం లేదు. కానీ పప్పు, పెరుగు, గుడ్లు వేళకు తింటున్న ఆరోగ్యవంతురాలికి ముడిసరుకు కొరత ఉండదు. ఆ ముడిసరుకుతో ఏ ప్రొటీన్, ఎప్పుడు, ఏ చోట తయారు కావాలన్నది ప్రధానంగా నాడీ సంకేతాలను బట్టి ఉంటుంది.

‘ఎప్పుడు’ అన్నది ఎంత కీలకమో 1960లలో మిచిగాన్ విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ అగ్రనాఫ్ గోల్డ్‌ఫిష్ చేపలపై చేసిన ప్రయోగాల్లో స్పష్టంగా కనిపించింది. తొట్టిలో దీపం వెలిగినప్పుడు అడ్డుగోడ దాటి అవతలి భాగానికి ఈదకపోతే చేపకు స్వల్పంగా విద్యుత్ షాక్ తగులుతుంది. కొన్ని ప్రయత్నాల్లో అది ఈ సంగతి నేర్చుకుంటుంది. శిక్షణ ముగిసిన వెంటనే, ప్రొటీన్ల తయారీని అడ్డుకునే ప్యూరోమైసిన్ అనే మందును పుర్రెలోకి ఎక్కిస్తే, కొన్నాళ్ళ తరువాత చేపకు ఆ పాఠం గుర్తులేదు. అదే మందును గంట ఆగి ఎక్కిస్తే జ్ఞాపకం చెక్కుచెదరలేదు. శిక్షణకు ముందే ఇచ్చినప్పుడు మాత్రం చేప మామూలుగానే నేర్చుకుంది, తరువాత మరిచిపోయింది. నేర్చుకోవడానికి అప్పటికే కణంలో ఉన్న ప్రొటీన్లు సరిపోతాయనీ, నేర్చుకున్నది నిలవడానికే కొత్తవి కావాలనీ దీన్నిబట్టి తెలిసింది. ఎప్లీసియా అనే సముద్రపు నత్తపై ఎరిక్ కాండెల్ బృందం చేసిన పరిశోధనలు కూడా ఇదే చెప్పాయి. తోకపై ఒక్క షాక్ ఇస్తే దాని ప్రభావం నిమిషాల్లో సమసిపోయేది. విరామమిస్తూ నాలుగైదుసార్లు ఇస్తే కణ కేంద్రకంలోని జన్యువులు మేల్కొని, కొత్త ప్రొటీన్లు తయారై, నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు అందించుకునే నాడీ సంధులే కొత్తగా మొలిచేవి. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి లభించింది.

‘ఏ చోట’ అన్నది నాకు మరింత అద్భుతంగా తోస్తుంది. మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగంలోని ఒక్కొక్క నాడీకణం వేల సంధుల ద్వారా సంకేతాలు అందుకుంటుంది. ప్రొటీన్లన్నీ కేంద్రకం దగ్గరే తయారైతే, అవి ఉత్తేజితమైన సంధికే చేరేదెలా? 1982లో ఆస్వాల్డ్ స్టీవార్డ్, విలియం లెవీ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు, కణం నుంచి కొమ్మల్లా సాగిన డెండ్రైట్లపై, సంధులుండే చిన్న బుడిపెల మొదట్లోనే, ప్రొటీన్లను తయారుచేసే రైబోజోముల గుంపులు కనిపించాయి. ప్రొటీన్‌ను ఎలా కట్టాలో చెప్పే జన్యు సందేశం, అంటే కేంద్రకం పంపిన ఎంఆర్‌ఎన్‌ఏ, అక్కడ సిద్ధంగా ఉంటుంది. సంకేతం రాగానే ఆ సంధి పక్కనే ప్రొటీన్ తయారవుతుంది. దూరం నుంచి వచ్చే ప్రొటీన్లను కూడా ఉత్తేజితమైన సంధి ఒక రసాయన గుర్తుతో తనవైపు పట్టుకుంటుందని 1997లో ఫ్రే, మోరిస్ చూపారు.

ఈ తయారీ ఎక్కువైనకొద్దీ మేలన్నది కూడా తప్పే. ఫ్రాజైల్ ఎక్స్ సిండ్రోమ్ అనే జన్యు సమస్యలో, సంధుల వద్ద ప్రొటీన్ల తయారీని అదుపులో ఉంచే ఎఫ్‌ఎంఆర్‌పీ అనే ప్రొటీన్ లోపిస్తుంది. ఆ లోపం కలిగించిన చుంచెలుకల మెదడులో ప్రొటీన్ల తయారీ మితిమీరినట్టు కనుగొన్నారు. ఈ సమస్య ఉన్న పిల్లలకు బుద్ధిమాంద్యం కలుగుతుంది.

ఇక మీ రెండో సందేహం. సంధిలోని ప్రొటీన్లలో చాలావరకు కొద్ది రోజుల్లో, కొన్ని వారాల్లో శిథిలమై, వాటి స్థానంలో కొత్తవి చేరుతూనే ఉంటాయి. ఏటా వానలకు కోసుకుపోయిన మట్టిని మళ్ళీ పోసుకుంటూ వచ్చిన చెరువు కట్ట తరాల తరబడి అదే కట్టగా ఉన్నట్టే, బలపడిన సంధి తన పరిమాణాన్నీ, దానిలో సంకేతాలను అందుకునే గ్రాహకాల సంఖ్యనూ నిలబెట్టుకోగలుగుతుంది. ఈ నిలకడకు ఏ అణువు మూలాధారమన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య వాదం ఇంకా తెగలేదు.

మీ అమ్మాయికి పనికివచ్చే మరో సంగతి ఉంది. చుంచెలుకలను ఐదు గంటలపాటు నిద్రపోనివ్వకపోతే హిప్పోకాంపస్‌లో ప్రొటీన్ల తయారీ తగ్గి, అవి నేర్చుకున్నది నిలవలేదని 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో తేలింది. కాబట్టి పొడి డబ్బా కొనడం కన్నా, చదివినదాన్ని రోజుల వ్యవధితో మళ్ళీ చదవమనీ, పరీక్షల ముందు రాత్రుళ్ళు మేలుకోవద్దనీ చెప్పండి.