‘ఇది కేసు కాదు’ అని స్టేషన్‌లో అంటే నిజంగా కేసు కాదా?

ప్రశ్న: మా అబ్బాయికి ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం ఇప్పిస్తానని మాకు తెలిసినాయన నాలుగు లక్షలు తీసుకున్నాడు. మూడు లక్షలు బ్యాంకు ద్వారా పంపాం, లక్ష చేతికిచ్చాం. కొన్నాళ్లకు అపాయింట్‌మెంట్ లెటర్ తెచ్చిచ్చాడు. చేరడానికి వెళ్తే ఆ లెటర్ తమది కాదన్నారు కంపెనీవాళ్లు. డబ్బు తిరిగివ్వమని అడగబోతే మాటా మాటా పెరిగి, ఆయన తమ్ముడు మావారి మూతి మీద గుద్దాడు. పెదవి చిట్లి కుట్లు పడ్డాయి. కింది పన్ను ఒకటి కదిలిపోతే డాక్టరు తీసేశారు. ఆ రోజే స్టేషన్‌కు వెళ్లాం. ‘డబ్బు సంగతి సివిల్, దెబ్బ చిన్నది, నాన్ కాగ్నిజబుల్. ఇది కేసు కాదు, కోర్టుకు వెళ్లండి’ అన్నారు. పిటిషన్ తీసుకున్నారు గానీ రసీదు ఇవ్వలేదు. ఇదంతా జరిగి ఎనిమిది నెలలు దాటింది. మాకు జరిగింది నేరం కాదా? లాయరు ఫీజు ఇచ్చుకునే స్థితిలో కూడా లేము.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నేరమే. మీరు రాసింది రాసినట్టు రుజువైతే ఒకటి కాదు, మూడు నేరాలు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. స్టేషన్‌లో మీకు చెప్పిన మాటల్లో ఒక్కటి కూడా మీ విషయంలో నిలిచేలా లేదు.

ముందు ఆ ‘నాన్ కాగ్నిజబుల్’ సంగతి చూద్దాం. ఈ మాట వినగానే మనవాళ్లు ‘అయితే ఇది నేరం కాదేమో’ అనుకుని ఇంటికి వెళ్లిపోతారు. అలా వెళ్లిపోయినవాళ్లను ఎంతమందినో చూశాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది. కాగ్నిజబుల్ నేరమైతే పోలీసులు ఎవరి అనుమతీ లేకుండా ఎఫ్ఐఆర్ కట్టి దర్యాప్తు చేయవచ్చు, వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. నాన్ కాగ్నిజబుల్ అయితే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఉంటేనే దర్యాప్తు. తేడా అంతవరకే. రెండింటికీ శిక్ష ఉంది. పరువునష్టం నాన్ కాగ్నిజబుల్, అయినా రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. పైగా నాన్ కాగ్నిజబుల్ ఫిర్యాదునైనా పోలీసులు పుస్తకంలో రాసుకుని, మిమ్మల్ని మేజిస్ట్రేటు దగ్గరకు పంపాలి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 174వ సెక్షన్ చెప్పేది ఇదే. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో అమలవుతున్న చట్టం ఇది. ఏమీ రాయకుండా ‘కేసు కాదు’ అని పంపించే అధికారం అందులో ఎక్కడా లేదు.

ఇక మీవారి పన్ను. మీరు ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, దెబ్బకు సంబంధించినంత వరకు కేసంతా అక్కడే ఉంది. మామూలు దెబ్బ అయితే, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 115(2) కింద ఏడాది వరకు జైలు, పదివేల వరకు జరిమానా. అది నాన్ కాగ్నిజబులే. పెదవి చిట్లడం ఒక్కటే అయితే స్టేషన్‌లో చెప్పింది సరిపోయేది. కానీ తీవ్రమైన గాయం అంటే ఏమిటో 116వ సెక్షన్ వరసపెట్టి చెబుతుంది. చూపు పోవడం, వినికిడి పోవడం లాంటివాటితో పాటు ఎముక గానీ పన్ను గానీ విరగడం, స్థానం తప్పడం కూడా ఆ వరసలో ఉన్నాయి. అవును, పన్ను. గుద్దు వల్ల పన్ను కదిలిపోయిందంటే అది 117(2) కిందికి వస్తుంది. ఏడేళ్ల వరకు శిక్ష, కాగ్నిజబుల్. స్టేషన్‌లో మీవారి పెదవిని చూశారు, నోరు తెరిచి చూడమని మీరూ చెప్పి ఉండరు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ పన్ను అంతకుముందే చిగురు జబ్బుతో కదులుతూ ఉంటే డాక్టరు కోర్టులో ఆ మాటే చెబుతారు. అలాంటిదేమైనా ఉంటే ఇప్పుడే మీ లాయరుకు చెప్పండి, దాచవద్దు. లేకపోతే పన్ను తీసిన డాక్టరు దగ్గర ఓపీ చీటీ, ఎక్స్‌రే, ‘దెబ్బ వల్ల పన్ను కదిలింది’ అన్న రాత సంపాదించండి.

రెండోది, ‘డబ్బు సంగతి సివిల్’ అన్న మాట. ఇందులో సగం నిజం ఉంది కాబట్టే జనం నమ్ముతారు. అప్పు తీసుకున్నవాడు తీర్చలేకపోతే అది సివిల్ వ్యవహారమే. అప్పులు వసూలు చేసిపెట్టడం పోలీసుల పని కాదు. డబ్బు తీసుకునేటప్పుడే మోసం చేసే ఉద్దేశం ఉంటే మాత్రం అది చీటింగ్. పాత ఐపీసీలో 420, జనం నోట ఇప్పటికీ ‘ఫోర్ ట్వంటీ కేసు’. ఇప్పుడది న్యాయ సంహిత 318(4), ఏడేళ్ల వరకు శిక్ష, కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్. డబ్బు ఎప్పుడు ఇచ్చారో మీరు రాయలేదు. 2024 జూలై 1కి ముందైతే పాత 420, తర్వాతైతే 318(4). ఫిర్యాదులో సెక్షన్ నంబరు మీరు రాయనవసరం లేదు, తేదీలు మాత్రం తప్పక రాయాలి.

మరి మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశమే ఉందని ఎలా చూపిస్తారు? మీ ఇంట్లో ఉన్న ఆ అపాయింట్‌మెంట్ లెటర్‌తో. మాట తప్పినవాడు సాకులు చెబుతాడు. దొంగ లెటర్ తెచ్చిచ్చినవాడి సంగతి వేరు. మోసం చేయడానికి దొంగ పత్రం సృష్టించడం 336(3) కింద విడిగా మరో నేరం, దానికీ ఏడేళ్ల వరకు శిక్ష, అదీ కాగ్నిజబులే. ‘ఆ లెటర్ నాకు ఇంకొకడిచ్చాడు, నేనూ మోసపోయాను’ అని ఆయన అనవచ్చు. నిజమే కావచ్చు కూడా. అది తేలాలంటే దర్యాప్తు జరగాలి, దర్యాప్తు జరగాలంటే ఎఫ్ఐఆర్ ఉండాలి. లెటర్ తమది కాదని కంపెనీ నుంచి ఒక్క ఈమెయిలైనా తెప్పించుకోండి. వాట్సాప్ సంభాషణలు చెరిపేయవద్దు, ఆ ఫోను మార్చవద్దు. ఒరిజినల్ లెటర్ స్టేషన్‌లో ఇవ్వవలసి వస్తే కాగితం మీద రాయించుకునే ఇవ్వండి.

(మీలాగే ఎవరైనా ప్రభుత్వ ఉద్యోగం కోసం అధికారికి ముట్టజెప్పమని డబ్బిచ్చి ఉంటే నా జవాబు ఇలా ఉండదు. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టంలో లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతం మీద ఇచ్చినవారికి ఏడు రోజుల్లోగా అధికారులకు చెబితేనే రక్షణ. అలాంటివారు ఫిర్యాదు రాసేముందే లాయరును కలవాలి.)

‘అసలు మావారిని కొట్టింది చిన్న దెబ్బే అన్నారు కదా’ అని మీకింకా సందేహం ఉంటే సురక్షా సంహిత 174(4) చూడండి. ఒక వ్యవహారంలో ఒక్కటైనా కాగ్నిజబుల్ నేరం ఉంటే మొత్తం కేసును కాగ్నిజబుల్‌గానే చూడాలి. మీ డబ్బు, దొంగ లెటర్, డబ్బు అడిగినందుకు పడిన దెబ్బ అన్నీ ఒకే కథ. అందుకే ఫిర్యాదులో అంతా ఒకేచోట రాయండి. మొదటి పిటిషన్‌లో మీరు గొడవ గురించే రాసి, లెటర్ సంగతి వదిలేశారేమోనని నా అనుమానం.

ఇప్పుడు చేయవలసింది చెబుతాను. ఫిర్యాదు రెండు ప్రతులు రాసుకుని వెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఫిర్యాదులో కాగ్నిజబుల్ నేరం కనబడితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2013 నవంబరు 12న తేల్చి చెప్పింది. సురక్షా సంహిత 173 ప్రకారం ‘మా పరిధి కాదు’ అనడానికీ వీల్లేదు. ఏ స్టేషన్‌లోనైనా తీసుకోవాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఎఫ్ఐఆర్ ప్రతి మీకు ఉచితంగా ఇవ్వాలి. అప్పటికీ కట్టకపోతే అదే ఫిర్యాదును ఎస్పీకి గానీ కమిషనర్‌కు గానీ స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. అక్కడా కదలకపోతే అఫిడవిట్ జతచేసి మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయండి. దర్యాప్తుకు ఆదేశించే అధికారం 175(3) కింద మేజిస్ట్రేటుకు ఉంది. ఈ మెట్లు వరసగా ఎక్కాలి. ఎస్పీకి పంపిన రసీదు లేకుండా నేరుగా కోర్టుకు వెళ్తే ఆ పిటిషన్ అక్కడే ఆగిపోవచ్చు.

ఎనిమిది నెలలు ఎందుకు ఆలస్యమైందని అడుగుతారు. ఆ రోజే స్టేషన్‌కు వెళ్లామని, ఏ వేళకు వెళ్లారో, ఏం సమాధానం వచ్చిందో ఫిర్యాదులోనే రాయండి. లేనిది మాత్రం ఒక్క ముక్క కూడా కలపవద్దు. కేసు గట్టిగా ఉండాలని కత్తి చూపించాడనీ, మెడలో గొలుసు లాగాడనీ రాయించేవాళ్లుంటారు. ఆ ఒక్క అబద్ధం కోర్టులో ఎదుటి లాయరు వేసే ప్రశ్నల్లో (క్రాస్‌లో) బయటపడితే నిజమైన పన్ను సంగతిని కూడా ఎవరూ నమ్మరు. మీ కేసుకు ఆ అవసరం లేదు.

బెయిలు గురించి కూడా ముందే తెలుసుకోండి. కాగ్నిజబుల్, బెయిలబుల్ అనేవి వేర్వేరు లెక్కలు. తీవ్రమైన గాయం కాగ్నిజబుల్ అయినా బెయిలబులే. కాబట్టి ఆ తమ్ముడు స్టేషన్ బెయిలు మీద సాయంత్రానికే ఇంటికి రావచ్చు. మిగతా నేరాల్లో కూడా శిక్ష ఏడేళ్లకు మించదు కాబట్టి అన్నను వెంటనే అరెస్టు చేయకుండా నోటీసు ఇచ్చి పిలిపించవచ్చు. దాన్ని చూసి ‘పోలీసులు అమ్ముడుపోయారు’ అని కుంగిపోవద్దు. కేసు నడుస్తూనే ఉంటుంది.

ఆయన ఎప్పుడైనా మీకు చెక్కు ఇచ్చాడా? అది బౌన్సయితే దారి వేరు. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, నోటీసు అందాక కట్టడానికి ఆయనకు 15 రోజులు గడువు, అదీ దాటితే నెలలోపు నేరుగా మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు. అదీ నేరమే, కానీ పోలీసులకు సంబంధం లేదు.

ఎఫ్ఐఆర్ కట్టినంత మాత్రాన డబ్బు చేతికి రాదు. దానికి సివిల్ దావా వేరే వేసుకోవాలి, రెండూ ఒకేసారి నడపవచ్చు. మామూలుగా మూడేళ్లు దాటితే దావాకు కాలదోషం పడుతుంది. దెబ్బ విషయంలో అంతకంటే తొందర ఉంది. డాక్టరు కాగితాలు సరిపోక అది మామూలు దెబ్బగానే తేలితే, సంఘటన జరిగిన ఏడాదిలోగా ఫిర్యాదు నమోదు కావాలి, లేదా కోర్టులో దాఖలు కావాలి. మీకు మిగిలింది నాలుగు నెలలు కూడా లేదు.

ఫీజు సంగతికి దిగులుపడకండి. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇవ్వాలి. డబ్బు పోగొట్టుకున్నవారిలో మీరూ ఉన్నారు కాబట్టి మీ పేరు మీదే అడగండి. మీ జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది, 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. బ్యాంకు స్టేట్‌మెంటు, లెటర్, ఆధార్ ప్రతి పట్టుకుని ఈ వారంలోనే వెళ్లండి. ఆ పంటి డాక్టరు చీటీ మాత్రం మర్చిపోకండి.