మందు అదే, శాతం అదే.. క్రీమ్ ఎందుకు పనిచేయడం లేదు?

ప్రశ్న: నా వయసు 38. రెండు చేతులకూ కొన్నేళ్లుగా ఎగ్జిమా ఉంది. చర్మ డాక్టర్ రాసిచ్చిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్‌తో బాగా తగ్గేది. కానీ అది జిడ్డుగా ఉంటుంది. రాసుకున్నాక ఫోన్ కూడా పట్టుకోలేను. అందుకని అదే మందు, అదే శాతం ఉన్న క్రీమ్ కొనుక్కున్నాను. అంతగా పనిచేయడం లేదు. రెండుసార్లు రాసే పని తప్పుతుందని ఆ క్రీమ్‌ను మాయిశ్చరైజర్‌లో కలిపి ఒక డబ్బాలో పెట్టుకున్నాను. వారం తిరక్కుండానే పైన నీళ్లు తేలాయి. ఇది నకిలీ మందా? రాత్రిపూట రాసుకుని పైన ప్లాస్టిక్ కవర్ చుట్టుకోవచ్చా? ఇలాంటి క్రీములను అసలు ఎలా పరీక్షిస్తారు?

సలహా: మీరు రాసినదాన్ని బట్టి అది నకిలీ అనుకోవడానికి కారణమేమీ కనిపించడం లేదు. ట్యూబు మీద పేరూ శాతమూ ఒకటే అయినా ఆయింట్‌మెంట్ పనిచేసే తీరు వేరు, క్రీమ్ పనిచేసే తీరు వేరు. చర్మానికి రాసే మందుల్లో అసలు మందు ఎంత ముఖ్యమో, దాన్ని మోసుకెళ్లే బేస్ కూడా అంతే ముఖ్యం. ఈ మాట డాక్టర్లం మందు రాసిచ్చేటప్పుడే చెప్పాలి. చాలాసార్లు చెప్పం.

చర్మం ఉన్నదే బయటివాటిని లోపలికి రానివ్వకుండా ఆపడానికి. అన్నిటికంటే పైన మృతకణాల పొర ఒకటి ఉంటుంది. స్ట్రాటమ్ కార్నియమ్ అంటాం. ఒంటి మీద చాలాచోట్ల దాని మందం 10 నుంచి 20 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు మించదు. అయినా గట్టి కాపలా కాస్తుంది. గోడలో ఇటుకల్లా కణాలు పేర్చి ఉంటాయి, వాటి సందుల్లో సున్నంలా కొవ్వు నిండి ఉంటుంది. మందు ముఖ్యంగా ఆ కొవ్వు సందుల్లోంచే దూరి వెళ్లాలి. అలా వెళ్లాలంటే అణువు చిన్నదై ఉండాలి, కొవ్వులోనూ నీటిలోనూ కొంతకొంత కరగాలి. అణువు బరువు 500 డాల్టన్లు (అణువుల బరువు కొలిచే ప్రమాణం) దాటితే మామూలు చర్మంలోంచి వెళ్లడం కష్టమని బోస్, మైనార్డీ అనే శాస్త్రవేత్తలు 2000లో ఒక లెక్క చెప్పారు. ఇన్సులిన్ బరువు దాదాపు 5,800. సూది బదులు ఇన్సులిన్ క్రీమ్ రాదా అని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

ఇక బేస్ సంగతి. ఆయింట్‌మెంట్‌లో ఎక్కువ భాగం పెట్రోలియం జెల్లీ లాంటి జిడ్డు పదార్థమే. అది చర్మం మీద పొరలా కూర్చుని లోపలి తేమను బయటకు పోనివ్వదు. తేమతో ఉబ్బిన చర్మంలోకి మందు సులువుగా దిగుతుంది. మీకు ఇబ్బంది పెట్టిన ఆ జిడ్డే మీ ఎగ్జిమాను తగ్గించింది. క్రీమ్ అంటే నూనె, నీళ్లు విడిపోకుండా ఎమల్సిఫైయర్‌తో కలిపిన ఎమల్షన్. రాసుకున్న కొద్ది నిమిషాలకే అందులోని నీరు చాలావరకు ఆవిరైపోతుంది. అంటే ట్యూబులో ఉన్నది ఒకటి, మీ చేతి మీద మిగిలేది ఇంకొకటి. ఆ మిగిలినదానిలో మందు కరిగే ఉంటే చర్మంలోకి వెళ్తుంది. స్ఫటికాలుగా గడ్డకడితే అక్కడే ఆగిపోతుంది. క్రీమ్ తయారుచేసేవాళ్లకు పెద్ద తలనొప్పి ఇదే. ద్రావకాలు తగుపాళ్లలో కలిపి, మందు బేస్‌లో కరిగి ఉండాలి కానీ బేస్‌ను వదిలి చర్మంలోకి వెళ్లేలా కూడా ఉండాలి అని చూస్తారు. బేస్‌లో మరీ హాయిగా కరిగిపోయిన మందు అక్కడే ఉండిపోతుంది.

శాతాన్ని చూసి బలాన్ని అంచనా వేయకండి. 1 శాతం హైడ్రోకార్టిసోన్ తేలికపాటి స్టెరాయిడ్. 0.05 శాతం క్లోబెటసాల్ అన్నిటికంటే బలమైన వర్గంలోది.

పరీక్షల గురించి అడిగారు, చాలా సంతోషం. ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. ముఖ్యమైన పరికరం ఫ్రాంజ్ సెల్. చిన్న గాజు పాత్ర, పైన ఒక గది, కింద ఒక గది. రెండింటి మధ్య చర్మం ముక్కను బిగిస్తారు. ఆపరేషన్లలో తీసేసిన మనిషి చర్మం కానీ, పంది చెవి చర్మం కానీ వాడతారు. కింది గదిలో ద్రవం నింపి, చర్మం పైభాగం 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండేలా చూస్తారు. మన ఒంటిమీద చర్మం వేడి దాదాపు అంతే కాబట్టి. పైన కొన్ని మిల్లీగ్రాముల క్రీమ్ రాసి, కొన్ని గంటలకోసారి కింద నుంచి కాస్త ద్రవం తీసి ఎంత మందు దిగిందో కొలుస్తారు. చివర్లో పైన ఎంత మిగిలింది, చర్మంలో ఎంత ఆగింది, కిందకు ఎంత పోయింది అని లెక్క కడతారు. ఎగ్జిమా మందు విషయంలో నేను చూసేది మధ్యలో ఆగినదాన్నే. కిందకు పోయినదంటే రక్తంలో కలిసేదని అర్థం, అది మనకు అక్కర్లేదు.

స్టెరాయిడ్లకు ఇంకో పరీక్ష కూడా ఉంది. మెకెంజీ, స్టౌటన్ 1962లో చెప్పిన పద్ధతి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ముంజేతి మీద మందు రాస్తే, అక్కడి రక్తనాళాలు ముడుచుకుని చర్మం తెల్లబడుతుంది. ఎంత తెల్లబడితే అంత బలం. స్టెరాయిడ్ ఒకటే అయినా బేస్ మారితే బలం మారుతుందని ఈ పరీక్షలోనే తేటగా కనిపిస్తుంది.

నిల్వ పరీక్ష వీటికి అదనం. 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో 6 నెలలు ఉంచి మందు తగ్గిందా, చిక్కదనం మారిందా, నూనె నీరు విడిపోయాయా, సూక్ష్మజీవులు పెరిగాయా అని చూస్తారు. మీ డబ్బాలో తేలిన నీళ్లు చెప్పేది కూడా అదే. రెండు ఎమల్షన్లు ఒకదానికొకటి పడక విరిగిపోయాయి. ఇప్పుడు అందులో మందు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది. క్రీమ్ చెడకుండా వేసే ప్రిజర్వేటివ్ కూడా పలచబడి ఉంటుంది. పగిలిన చేతులకు అది రాయొద్దు. దయచేసి ఆ డబ్బా పారేయండి.

ప్లాస్టిక్ చుట్టుకోవడం మీ అంతట మీరు మొదలుపెట్టకండి. చుడితే మందు లోపలికి వెళ్లడం కొన్ని రెట్లు పెరుగుతుంది. దాంతోపాటు చర్మం పలచబడటం, చారలు పడటం, వెంట్రుక కుదుళ్లలో చీము పట్టడం లాంటివీ పెరుగుతాయి. కొందరికి మేమే అలా చుట్టమని చెబుతాం, కానీ ఎన్ని రోజులో, ఏ చోటో చూసి చెబుతాం. చోటును బట్టి తేడా ఎంతంటే, 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ హైడ్రోకార్టిసోన్‌తో కొలిచినప్పుడు ముంజేతితో పోలిస్తే నుదుటి దగ్గర 6 రెట్లు, వృషణాల చర్మంలో 42 రెట్లు లోపలికి వెళ్లింది. అరికాలిలో ముంజేతిలో వెళ్లినదానిలో ఏడో వంతే వెళ్లింది. కాబట్టి చేతులకిచ్చిన మందును ముఖానికో, గజ్జల్లోనో రాసుకోవద్దు. పిల్లలకు అసలే వద్దు. బరువుతో పోలిస్తే వాళ్ల చర్మం వైశాల్యం ఎక్కువ.

మీకు నా సలహా ఇది. రాత్రి పడుకునే ముందు ఆయింట్‌మెంట్ రాసుకుని పలచటి నూలు గ్లోవ్స్ వేసుకోండి, ఫోన్ గొడవ ఉండదు. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత వరకు ట్యూబులోంచి పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది. అది రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. మాయిశ్చరైజర్‌ను విడిగా, ఓ అరగంట తేడాతో రాసుకోండి. పగలు చేతులు కడుక్కున్న ప్రతిసారీ మాయిశ్చరైజర్ రాసుకోవచ్చు. పగటికి క్రీమ్ కావాలనుకుంటే మీ డాక్టర్‌నే అడగండి. రోజులో స్టెరాయిడ్ ఎన్నిసార్లు, ఎన్ని వారాలు అన్నది ఆయన మీ చేతులు చూసి చెప్పాలి.

ఒక సంగతి మాత్రం గమనించండి. క్రీమ్‌కు మారాక తగ్గకపోవడమే కాదు, మంట, ఎర్రదనం పెరిగాయా? అలా అయితే క్రీమ్‌లోని ప్రిజర్వేటివ్‌కో, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రావకానికో, ఒక్కోసారి స్టెరాయిడ్‌కే అలర్జీ ఉండొచ్చు. అనుమానం ఉన్న పదార్థాలను చర్మానికి అంటించి చూసే ప్యాచ్ టెస్ట్ చేస్తే తెలుస్తుంది. పసుపు రంగు పెచ్చులు కట్టినా, చీము కనిపించినా, ఆయింట్‌మెంట్ మళ్లీ మొదలుపెట్టిన రెండు వారాలకూ మార్పు లేకపోయినా ఆగకుండా చూపించుకోండి. వెళ్లేటప్పుడు రెండు ట్యూబులూ, మాయిశ్చరైజర్ కూడా వెంట తీసుకెళ్లండి. వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉండే పదార్థాల పేర్లు మాకు చాలా పనికొస్తాయి.