రుజువు ఎవరినడుగుతావ్, అమ్మలూ?

రాజమండ్రి

అమ్మలూ,

మామయ్య ఆశీస్సులు. మొదటి పోస్టింగే ఏజెన్సీలో, అదీ గిరిజన సంక్షేమం స్పెషల్ డిప్యూటీ కలెక్టరుగా వచ్చిందని మీ అమ్మ ఫోన్లో ఒకటే దిగులు. "పిల్లని అడవిలో పడేశారన్నయ్యా" అంది. నేను సర్వీసంతా కోరుకున్నా దొరకని కుర్చీ అదని చెబితే వినిపించుకోలేదు.

మంచి ఆఫీసరు అనిపించుకోవాలంటే ఏం చెయ్యాలని అడిగావు. అనిపించుకోవడం సంగతి పక్కనపెట్టు. నేను ఎస్.ఆర్. శంకరన్ గారి గురించి రాస్తాను. ఆయన కింద నేను పనిచెయ్యలేదు. ఆయన అన్నారంటూ తిరిగే మాటల జోలికీ పోను. ఆయన చేసినవి చాలు.

తంజావూరు వైపు మనిషి. మన రాష్ట్ర కేడర్లో ఐఏఎస్. నెల్లూరు కలెక్టరుగా చేశారు, తర్వాత సాంఘిక సంక్షేమ శాఖ చూశారు, త్రిపురకి ప్రధాన కార్యదర్శిగా వెళ్లారు, ఢిల్లీలో గ్రామీణాభివృద్ధి కార్యదర్శిగా 1992లో రిటైరయ్యారు. పదవులు చాలామందికి వస్తాయిలే. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చినప్పుడు, అది బీరువాలో పడుండకుండా పాలేర్లని విడిపించే పనికి పూనుకున్నది ఆయన. ఆసాములకీ, వాళ్ల వెనకున్న పెద్దలకీ కంటగింపయ్యింది.

ఆ రోజుల్లోనే నేను కింది గుమాస్తాని, ఎల్‌డీసీని. అప్పటికింకా మండలాలు రాలేదు, తాలూకాలే. ఒక ఊళ్లో పాలేరు వాంగ్మూలం రాసుకురమ్మని నన్ను పంపారు. ఆసామి అరుగుమీద కుర్చీ వేశారు, చల్లటి మజ్జిగ ఇచ్చారు. పాలేరు అరుగు కింద ఎండలో నుంచున్నాడు. "అప్పుకింద పనిచేస్తున్నావనడానికి కాగితం ఏదైనా ఉందా?" అనడిగాను. అతను ఒకసారి ఆసామివంక చూసి, "లేదండి" అన్నాడు. వెట్టి లేదని రాసేసి వచ్చేశాను. తిరిగొస్తుంటే దారిలో మళ్లీ కనిపించాడు, ఆసామి గేదెల్ని చెరువుకి తోలుకెళ్తూ. నాకు దండం కూడా పెట్టాడు.

ఆ వెట్టిచాకిరీ రద్దు చట్టంలో 15వ సెక్షన్ని చాలా ఏళ్ల తర్వాతగానీ నేను సరిగ్గా చదవలేదు. ఇది వెట్టి అప్పేనని పాలేరు అంటే చాలు, కాదని రుజువు చెయ్యాల్సింది అప్పిచ్చినవాడు. నేను ఎవర్ని అడగాలో వాణ్ని వదిలేసి, అరుగు కింద ఉన్నవాణ్ని అడిగాను.

నీ కోర్టులో నడిచే 1/70 కేసులూ, అంటే ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా 1970లో చేసిన రెగ్యులేషన్ కింది కేసులూ అంతే. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతిలో ఉందంటే, కాదని తేలేదాకా అది గిరిజనుడి దగ్గర్నించి వచ్చిందనే చట్టం అనుకోమంటుంది. అయినా నీ ముందు జరిగేదేమిటో చెప్పనా? ప్లీడరు కట్టలు కట్టలు రసీదులు పరుస్తాడు. కొండరెడ్డి తెగ గిరిజన ముసలాయన ఉత్త చేతులతో నుంచుంటాడు. నీ గుమాస్తా "నీ దగ్గరేముందయ్యా?" అంటాడు. ఆ ప్రశ్న నీ ఆఫీసులో వినపడనివ్వకు.

వాయిదాలు కూడా జాగ్రత్త. నీకు వాయిదా అంటే డైరీలో ఒక గీత. అతనికి ఒక రోజు కూలీ, రెండు బస్సులు, కొండ దిగి నడక. కుదిరితే ఆ ఊరే వెళ్లి విచారించు. వెళ్లినప్పుడు ఆసామి ఇంట్లో మంచినీళ్లు కూడా తాగకు. వాళ్ల భాష తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్లు, అవతలి పార్టీవాణ్ని దూరంగా పంపించి వాంగ్మూలం తీసుకో, అందర్నీ కూచోబెట్టు. సోమవారం అర్జీల కార్యక్రమానికి ప్రభుత్వం మారినప్పుడల్లా కొత్త పేరు పెడతారు, వచ్చే ముసలమ్మ మాత్రం అదే అర్జీతో వస్తుంది. ఆవిడ పాత అర్జీ ఏమైందో ముందు వెతికించు.

భయం గురించి మీ అమ్మ అడగమంది. 1987 డిసెంబరులో నువ్వు వెళ్లే ఆ ఏజెన్సీలోనే, గుర్తేడు దగ్గర, నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ వాళ్లు శంకరన్ గారితో సహా కొందరు ఐఏఎస్ అధికారుల్ని ఎత్తుకెళ్లారు. జైల్లో ఉన్న తమవాళ్లని విడిపించుకుని వదిలారు. ఆ మనిషే రిటైరయ్యాక పౌరస్పందన వేదికలో ఉండి, అటు పోలీసుల చంపుళ్లకీ ఇటు వాళ్ల చంపుళ్లకీ, రెండు వైపులా సంజాయిషీ అడిగారు. 2004లో ప్రభుత్వానికీ నక్సలైట్లకీ మధ్య జరిగిన చర్చలకి మధ్యవర్తిగా కూర్చున్నారు. చర్చలు నిలవలేదు. అది ఆయన లోపం అనుకోను.

పద్మభూషణ్ ఇస్తే వద్దన్నారు. పెళ్లి చేసుకోలేదు, జీతంలో చాలా భాగం దళితుల పిల్లల చదువులకే పోయింది. అవన్నీ నిన్ను చెయ్యమనడం లేదు. ముఖ్యంగా పెళ్లి విషయంలో ఆయన్ని ఉదాహరణగా చూపించానని తెలిస్తే మీ అమ్మ నా గడప తొక్కదు.

చేరేముందు ఒక పూట ఇక్కడ దిగు. అత్తయ్య పనసపొట్టు కూర చేస్తానంటోంది. 1/70 రెగ్యులేషన్ పుస్తకం నాది అట్ట ఊడిపోతే బైండు చేయించి ఉంచాను. పెన్సిలు గీతలన్నీ నావే, చెరపకు.

మీ మామయ్య