పేలుడు పదార్థాల సెన్సార్ల మీద పీహెచ్‌డీ: మా పాపను పంపొచ్చా?

ప్రశ్న: మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. సున్నపురాయి క్వారీలో డ్రిల్లింగ్ పని చేస్తాను. మా పాప యోగి వేమన యూనివర్సిటీలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. పేలుడు పదార్థాలను పసిగట్టే సెన్సార్ల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. బ్లాస్టింగ్ ఎట్లుంటుందో రోజూ చూసేవాణ్ణి, భయంగా ఉంది. బీఈడీ చేయించి డీఎస్సీ రాయించమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం ఉత్తది కాదు. 2021 మేలో మామిళ్ళపల్లె ముగ్గురాయి గని దగ్గర జరిగిన పేలుడును మన జిల్లా ఇంకా మరిచిపోలేదు. కానీ పాప చేసే పని వేరు. ల్యాబ్‌కు టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం ముద్దగా రాదు. సాధారణంగా మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము కలిపిన ద్రావణంగా చిన్న గాజు సీసాలో వస్తుంది. దాన్ని ఇంకా ఎన్నో రెట్లు పలచన చేసి వాడతారు. అది పేలదు. ఒంటికి తగిలితే, పీలిస్తే మాత్రం విషమే కాబట్టి గ్లవ్స్, ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి.

సెన్సార్ పనితీరు మీకూ తెలిస్తే మంచిది. టీఎన్‌టీ అణువులను లోపల పెట్టి, వాటి చుట్టూ పాలిమర్‌ను (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పలుచని పొరగా ఎలక్ట్రోడ్ మీద, అంటే కరెంటు పారే చిన్న కడ్డీ మీద, పెంచుతారు. తర్వాత ఆ అణువులను కడిగేస్తారు. తడి మట్టిలో పడిన అడుగు ఆరాక అందులో ఆ కాలే కుదిరినట్టు, ఆ ఖాళీల్లో టీఎన్‌టీ బాగా కుదురుకుంటుంది. టీఎన్‌టీలో మూడు నైట్రో గుంపులుంటాయి. తగిన వోల్టేజీ ఇస్తే అవి ఎలక్ట్రాన్లు తీసుకుంటాయి. అప్పుడు పారే కరెంటును కొలిస్తే ఎంత ఉందో తెలుస్తుంది. షుగర్ చూసుకునే స్ట్రిప్‌లోనూ కరెంటునే కొలుస్తారు, కాకపోతే అక్కడ గ్లూకోజును గుర్తుపట్టేది ఎంజైము.

అందుకే నా మాట: పంపండి. పాప నేర్చుకునేది ఎలక్ట్రోకెమిస్ట్రీ, అంటే కరెంటుకూ రసాయనాలకూ ఉన్న సంబంధం చూసే విద్య. అది చేతికొస్తే మందుల కంపెనీలు, నీటి పరీక్షలు, వైద్య పరికరాలు, ఫోరెన్సిక్ ల్యాబ్‌లు, అన్నిచోట్లా పనికొస్తుంది. కారైకుడిలోని సీఈసీఆర్‌ఐ ఈ విద్యకే పుట్టిన సంస్థ. పేలుడు పదార్థాల వైపే ఉండాలనుకుంటే పుణెలో డీఆర్‌డీవో వారి హెచ్‌ఈఎమ్‌ఆర్‌ఎల్ పరిశోధనశాల ఉంది.

ఇక డబ్బు సంగతి. సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 వస్తాయి. హెచ్‌ఆర్‌ఏ అదనం. జేఆర్‌ఎఫ్‌కు వయసు పరిమితి ఉంది, బీఈడీకి లేదు. కాబట్టి ముందు నెట్, గేట్ రాయనివ్వండి. ఫెలోషిప్ లేకుండా, ఇంటి డబ్బుతో పీహెచ్‌డీలో చేరడానికి మాత్రం నేను ఒప్పుకోను. మధ్యలో డబ్బుల టెన్షన్‌తో మానేసే పిల్లలు చాలామంది.

టాపిక్ కన్నా గైడ్ ముఖ్యం. చేరే ముందు పాప ఆ ల్యాబ్‌లో ఒక పూట కూర్చుని చూడాలి. వోల్టేజీ ఇచ్చి కరెంటు కొలిచే యంత్రం పొటెన్షియోస్టాట్ పనిచేస్తోందా, దాని కోసం ఎంతమంది వరసలో ఉన్నారు? సీనియర్లు ఎలక్ట్రోడ్‌ను తడి గుడ్డ మీద అల్యూమినా పొడితో ఇంగ్లీషు 8 అంకె తిప్పినట్టు ఓపిగ్గా రుద్దుతున్నారా, రెండు తిప్పులు తిప్పి వదిలేస్తున్నారా? ఆ రుద్దడంలో అశ్రద్ధ చేస్తే కొలతలు రోజుకొక రకంగా వస్తాయి.

ఇంకో ప్రశ్న తప్పక అడగమనండి: టీఎన్‌టీ పెట్టకుండా చేసిన పాలిమర్‌తోనూ పోల్చి చూస్తున్నారా? ఆ పోలిక లేకపోతే, టీఎన్‌టీని పట్టుకున్నది ఆ ఖాళీలా, ఉత్త పాలిమరా అన్నది తేలదు. శుభ్రమైన ద్రావణంలోనే కొలిచి ఆపేస్తున్నారా, బోరు నీళ్ళలో, మట్టిలో కూడా చూస్తున్నారా అనీ అడగాలి. కరిగిన ఆక్సిజన్ కూడా దాదాపు అదే వోల్టేజీ దగ్గర కరెంటునిచ్చి తికమక పెడుతుంది. దాన్ని ఎలా తొలగిస్తారో గైడ్ విసుక్కోకుండా చెబితే, ఆ ల్యాబ్‌లో పాపను ధైర్యంగా చేర్చండి.